లండన్‌లో యజమాని, బాయి దగ్గర ఏజెంట్: వైట్‌హేవెన్ బొగ్గు గనుల కేస్ స్టడీ

గనుల్లో కొత్తగా మేనేజర్లుగా చేరేవాళ్లకు క్లాసులు చెప్పేటప్పుడు నేను తప్పకుండా తీసుకునే కేసు ఇది. సింగరేణిలో తొలి బాయి (బొగ్గు గని) తవ్వడానికి నూటయాభై ఏళ్ల ముందు జరిగిన కథ. అయినా నీళ్లు, గ్యాస్, భూమి, రేటు అనే నాలుగు సమస్యలూ మనవే. తేడా ఒక్కటే, అప్పట్లో ఫోన్ లేదు. నిర్ణయం తీసుకునే మనిషి లండన్‌లో ఉండేవాడు. బాయి దాదాపు 300 మైళ్ల దూరంలో ఉండేది. రెండింటి మధ్యా నడిచింది ఉత్తరాలే.

ఇంగ్లండ్ వాయవ్య తీరంలో, కంబర్లాండ్‌లో, వైట్‌హేవెన్ అనే రేవు పట్నం ఉంది. దాన్ని కట్టించింది లోథర్ కుటుంబం. సర్ జాన్ లోథర్ 17వ శతాబ్దం రెండో సగంలో తిన్నని వీధులు వేయించి, ఇళ్ల స్థలాలు ఇచ్చి, చిన్న పల్లెను పట్నంగా మార్చాడు. 1706లో ఆయన పోయాక ఎస్టేట్ రెండో కొడుకు జేమ్స్ చేతికి వచ్చింది. పెద్ద కొడుకు క్రిస్టఫర్‌కు ఎస్టేట్ దక్కకుండా తండ్రే చేశాడు. 1731లో క్రిస్టఫర్ చనిపోయాక సర్ బిరుదు కూడా జేమ్స్‌కే వచ్చింది. జేమ్స్ 1755 దాకా బతికాడు. పెళ్లి చేసుకోలేదు. ఎక్కువ కాలం పార్లమెంటు సభ్యుడు. దేశంలో ప్రభువుల పదవి లేనివాళ్లలో అందరికన్నా ధనవంతుడని పేరు. పైసా పైసా లెక్కచూస్తాడని ‘ఫార్దింగ్ జెమ్మీ’ అనే మారుపేరు కూడా వచ్చింది. ఫార్దింగ్ అంటే పెన్నీలో నాలుగో వంతు.

అక్కడ ఆయన తరఫున పని చూసింది ఇద్దరు అన్నదమ్ములు. అన్న జాన్ స్పెడింగ్ భూములు, కౌళ్లు, లెక్కలు, డబ్బు పంపకం, రేవు వ్యవహారాలు, ఎన్నికలు చూసేవాడు. తమ్ముడు కార్లైల్ స్పెడింగ్ గనులు చూసేవాడు. యజమానికీ జాన్ స్పెడింగ్‌కీ మధ్య దశాబ్దాల పాటు నడిచిన ఉత్తరాలు కంబ్రియా ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి మీద చరిత్రకారులు ఓపికగా పనిచేశారు కాబట్టే మనలాంటి గనివాళ్లం ఈ కేసు చదవగలుగుతున్నాం.

ముందు తపాలా సంగతి. ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ఆ రోజుల్లో లండన్ నుంచి ఊళ్లకు తపాలా వారానికి మూడుసార్లు, మంగళ, గురు, శనివారాల్లో బయల్దేరేది. యజమాని లండన్‌లో ఉన్నంతకాలం ఇద్దరూ దాదాపు తపాలా తప్పకుండా రాసుకునేవాళ్లు. వేసవిలో ఆయన వైట్‌హేవెన్ వస్తే ఉత్తరాలు ఆగిపోయేవి. అంటే మనకు ఫైలులో ఖాళీ కనిపించిన నెలల్లో పని ఆగిందని కాదు, యజమాని అక్కడే ఉన్నాడని. తపాలా ఖర్చు కాగితాల లెక్కన పడేది, మామూలుగా అందుకున్నవాడే కట్టేవాడు. పార్లమెంటు సభ్యులకు మాత్రం ఉచితం. పైసాకు ప్రాణమిచ్చే యజమానికి ఈ సౌకర్యం ఎంత పనికొచ్చిందో ఊహించవచ్చు. ఉత్తరం రాయడానికి ఖర్చు లేదు కాబట్టి చిన్న విషయం కూడా రాసేవాళ్లు. ఆ చిన్న విషయాలే ఈ ఫైలుకు విలువ తెచ్చాయి.

పాత ఉత్తరాలు చదివేవాళ్లకు ఇంకో జాగ్రత్త. 1752 వరకు ఇంగ్లండ్‌లో చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి ఉత్తరాల మీద 1730/31 అని రెండేళ్లూ వేసి ఉంటాయి, ఒక్కోసారి పాత ఏడు మాత్రమే ఉంటుంది. ఇది పట్టించుకోకుండా వరస పెడితే జవాబు ముందు వచ్చి ప్రశ్న తర్వాత వస్తుంది. 1752 సెప్టెంబరు 2 తర్వాతి రోజు సెప్టెంబరు 14. ఆ నెల కూలి లెక్కలు చూసేవాళ్లు ఆ పదకొండు రోజులనూ గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు భూమి. మన దగ్గర భూగర్భంలో ఉన్న బొగ్గు ప్రభుత్వానిది. కంపెనీ లీజు తీసుకుని తవ్వుతుంది. ఇంగ్లండ్‌లో అప్పుడు బంగారం, వెండి తప్ప మిగతా ఖనిజం భూయజమానిదే. అందుకని గని తవ్వడం అనేది పార పట్టుకోక ముందే, దస్తావేజుల దగ్గరే మొదలవుతుంది. కంబర్లాండ్‌లో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. అక్కడ చాలామంది రైతులు ఆచార హక్కు మీద భూమి సాగుచేసేవాళ్లు. ఏటా కట్టే శిస్తు చిన్నది, ఎప్పటికీ మారదు. ప్రభువు మారినప్పుడో, రైతు మారినప్పుడో మాత్రం ఒక రుసుము కట్టాలి. ఇలాంటి భూమి కింద బొగ్గు ప్రభువుదే అయినా, రైతు ఒప్పుకోకుండా అతని పొలంలో దిగి తవ్వే హక్కు సాధారణంగా ప్రభువుకు ఉండదు. ఒకరి దగ్గర బొగ్గు, ఇంకొకరి దగ్గర దారి. జాన్ స్పెడింగ్ రోజూ చేసిన పని ఈ రెండింటినీ ఒకచోటికి తేవడమే. ఎక్కడ చిన్న కమతం అమ్మకానికి వస్తుంది, ఎవరికి అప్పులున్నాయి, ఎవరు తనఖా పెట్టబోతున్నారు, ఏ వితంతువు పొలం వదులుకోవడానికి సిద్ధంగా ఉంది, ఇవన్నీ లండన్‌కు తెలియాలి. కొనేది లోథర్ అని ముందే బయటపడితే ధర పెరుగుతుంది. కాబట్టి చడీచప్పుడు లేకుండా కొనాలి.

కొన్న ప్రతి పొలాన్నీ బొగ్గు కోసమే కొనలేదు. ఈ విషయం దగ్గర నేను క్లాసులో చాలాసేపు ఆగుతాను. బొగ్గు ఉన్న పొలం పోటీదారుడి దగ్గర ఉందనుకోండి. ఆ పొలానికీ సముద్రానికీ మధ్య ఉన్న నేల లోథర్‌ది అయితే, పోటీదారుడు బొగ్గు తవ్వి కూడా రేవుకు చేర్చలేడు. దారి కావాలంటే లోథర్‌ను అడగాలి, డబ్బు కట్టాలి. నీళ్లు వదిలే కాలువ తవ్వాలన్నా అంతే. ఒక చిన్న గడ్డిభూమికి ఎక్కువ ధర పెట్టారని లెక్కల పుస్తకం చూస్తే అనిపిస్తుంది. మ్యాప్ పక్కన పెట్టుకుని చూస్తే ఎందుకు పెట్టారో తెలుస్తుంది. పక్కనే ఉన్న పార్టన్ రేవును బాగుచేసుకోవడానికి 1706లో పార్లమెంటు చట్టం వచ్చింది. వైట్‌హేవెన్ రేవుకు ట్రస్టీల వ్యవస్థతో మరో చట్టం 1709లో వచ్చింది. 1749లో సెన్‌హౌస్ కుటుంబం ఉత్తరాన మేరీపోర్ట్ అనే కొత్త రేవు కట్టడం మొదలుపెట్టింది. అంటే పోటీ ఎప్పుడూ పోలేదు. యజమాని పార్లమెంటులో ఉండటం, ఏజెంట్ నేల మీద ఉండటం, రెండూ ఒకే పోరులో భాగాలు.

ఈ పద్ధతి న్యాయమా అని క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నా అభిప్రాయం దాచుకోను. చట్టానికి లోబడిందే, కానీ చిన్న భూస్వాములను గొంతు మీద కాలుపెట్టి లొంగదీసిన పద్ధతి. పొలం బాగుంది, కింద బొగ్గు ఉంది, అయినా పక్కవాడు దారివ్వడు కాబట్టి చివరికి ఆ పక్కవాడికే అమ్ముకోవాలి. దాన్ని తెలివైన వ్యాపారం అని చెప్పి వదిలేస్తే కేసు సగమే చెప్పినట్టు.

డబ్బు లండన్‌కు చేరడం మరో పెద్ద పని. వైట్‌హేవెన్‌లో బ్యాంకు లేదు. నాణేల సంచులు గుర్రం మీద అంతదూరం పంపడం ప్రమాదం. అందుకని ఏజెంట్ హుండీలు, అంటే ఇంకోచోట డబ్బు చెల్లించమని రాసే చీటీలు, వెతికి పట్టుకోవాలి. లండన్‌లో డబ్బు రావలసిన వ్యాపారి వైట్‌హేవెన్‌లో ఉంటే, అతనికి ఇక్కడ నగదు ఇచ్చి, అతని పేరు మీద లండన్‌లో వసూలు చేసుకునే చీటీ తీసుకోవాలి. వైట్‌హేవెన్‌కు వర్జీనియా పొగాకు వ్యాపారం పెద్దఎత్తున ఉండేది, కాబట్టి ఇలాంటి వ్యాపారులు దొరికేవాళ్లు. కానీ ఆ వ్యాపారి దివాలా తీస్తే చీటీ చెల్లదు. కాబట్టి ఊళ్లో ఎవరి పరిస్థితి ఎలా ఉందో ఏజెంట్‌కు తెలియాలి. ఎవరి ఓడ రాలేదు, ఎవరి సరుకు పాడైంది అనే కబుర్లు ఉత్తరాల్లో ఉండటం ఊసుపోక కాదు. అదే ఆనాటి క్రెడిట్ రిపోర్ట్.

బొగ్గు ప్రధానంగా పోయేది ఐర్లండ్‌కు, అందులోనూ డబ్లిన్‌కు. ఒకే పెద్ద గిరాకీదారు ఉన్న వ్యాపారంలో భయం ఎప్పుడూ ఉంటుంది. టైరోన్ బొగ్గును డబ్లిన్‌కు తేవడానికి ఐరిష్‌వాళ్లు న్యూరీ కాలువ తవ్వించారు. 1742లో అది తెరుచుకుంది. టైరోన్ బొగ్గు అనుకున్నంతగా రాలేదు కాబట్టి వైట్‌హేవెన్ బతికింది. గాలి ఎదురైతే ఓడలు రేవులోనే ఆగిపోతాయి, ఒడ్డున బొగ్గు గుట్టలు పడిపోతాయి, కూలీలకు పని ఇవ్వాలా వద్దా అనే టెన్షన్ ఏజెంట్ మీద పడుతుంది. ఇది మన వాగన్ల కొరతకు దగ్గరి చుట్టమే.

ఇక బాయి సంగతి, నా మనసుకు దగ్గరైన భాగం.

పైపైన దొరికే బొగ్గు అయిపోయేకొద్దీ లోతుకు పోవాలి. లోతుకు పోతే నీళ్లు. 1712లో తొలి న్యూకమన్ ఆవిరి యంత్రం పని మొదలుపెడితే, మూడేళ్లకే, 1715లో, వైట్‌హేవెన్‌లో ఒకదానికి ఒప్పందం కుదిరింది. యంత్రం కొనలేదు, ఏటా అద్దెకు తీసుకున్నారు. పైసా చూసే యజమాని ఇంత కొత్త యంత్రానికి అంత తొందరగా ఒప్పుకోవడం గమనించాలి. ఆయన పిసినారి అనే మాట పూర్తి నిజం కాదు. చిల్లర ఖర్చుల దగ్గర గట్టిగా ఉండేవాడు. నీళ్లు తోడే ఖర్చు దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీయలేదు. పంపు ఆగితే ఆదాయం మొత్తం ఆగుతుందని ఆయనకు తెలుసు.

1729లో కార్లైల్ స్పెడింగ్ సాల్టమ్ బాయి తవ్వడం మొదలుపెట్టాడు. చోటు సముద్రం ఒడ్డున, కొండ చరియ కింద. సముద్రం పూర్తిగా పోటు మీదున్నప్పుడు నీళ్లు ఇరవై గజాల దూరానికి వచ్చేవి. కొండ మీద నుంచి తవ్వితే ఆ కొండ ఎత్తంతా అదనంగా తవ్వాలి. కింద నుంచి మొదలుపెడితే అది మిగులుతుంది. షాఫ్ట్, అంటే నిలువుగా తవ్విన బాయి, గుండ్రంగా కాదు, కోడిగుడ్డు ఆకారంలో, పది అడుగులు ఒకవైపు, ఎనిమిది అడుగులు ఇంకోవైపు. మధ్యలో పలకల అడ్డుగోడ. 1731లో 76 ఫాథమ్‌ల దగ్గర, అంటే 456 అడుగుల లోతులో, బొగ్గు తగిలింది. అక్కడి నుంచి సముద్రం అడుగుకు పనులు సాగాయి. సముద్రం కింద బొగ్గు తీసిన తొలితరం గనుల్లో దీనికి ముఖ్యమైన స్థానం ఉంది. తీసిన బొగ్గును తర్వాత కొండలోంచి సొరంగం వేసి, కొండ మీద ఉన్న రేవెన్‌హిల్ బాయి గుండా పైకి తెచ్చారు.

దిగుతుండగా 42 ఫాథమ్‌ల దగ్గర, అంటే 252 అడుగుల్లో, పగుళ్లున్న నల్లరాతి పొర తగిలింది. దాన్నుంచి గ్యాస్ బుసకొట్టుకుంటూ వచ్చింది, కొవ్వొత్తి తగలగానే మండింది. గనివాళ్లు దాన్ని ఆర్పారు, మళ్లీ అంటించి చూశారు, మళ్లీ ఆర్పారు. ఆ రంధ్రాన్ని కట్టడిచేసి, గొట్టం వేసి షాఫ్ట్ పైదాకా తెచ్చి గాల్లోకి వదిలారు. రెండున్నరేళ్లు దాటినా దాని వేగం తగ్గలేదు. పైన గొట్టం మూతి దగ్గర జంతువుల మూత్రకోశాల సంచి పెడితే కొన్ని సెకన్లలోనే నిండేది. ఆ సంచులను లండన్‌కు పంపారు. 1733లో రాయల్ సొసైటీ ముందు సంచిలోంచి గ్యాస్ వదిలి వెలిగించి చూపించారు. దాని మీద వ్యాసం ఆ సొసైటీ పత్రికలో అచ్చయింది. మూడేళ్ల తర్వాత సర్ జేమ్స్‌ను సొసైటీ సభ్యుడిగా ఎన్నుకున్నారు.

క్లాసులో ఈ ఘట్టాన్ని నిదానంగా చెప్పిస్తాను. తవ్వకం మధ్యలో బ్లోయర్, అంటే ఇలా రాతి పగుళ్లలోంచి గ్యాస్ ఎగదన్నే చోటు, తగిలితే మీరు ఏం చేస్తారు? నేటి సమాధానం వెంటనే వస్తుంది. మనుషుల్ని పైకి పంపాలి, కరెంటు తీసేయాలి, మీథేన్ కొలిచే మెథనోమీటర్‌తో చూడాలి, గనుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ డీజీఎంఎస్‌కు తెలియజేయాలి. 1730లో ఇవేవీ లేవు. ఆ గ్యాస్, అంటే మీథేన్, గాల్లో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుందన్న లెక్కా లేదు. అయినా కార్లైల్ మొదట చేసిన పని సరైనదే. గ్యాస్ పుట్టేచోటే పట్టి, మనుషులున్న గాలిలో కలవకుండా, విడిగా బయటికి తీసుకెళ్లడం. మనం ఈరోజు మీథేన్ డ్రైనేజీ అని పెద్ద పేరుతో చేసేది ఇదే. ఆ గ్యాస్‌తో ఊరి వీధులు వెలిగించవచ్చని ఆయన చెప్పాడనీ, ఊరి ట్రస్టీలు ఒప్పుకోలేదనీ అక్కడ చెప్పుకుంటారు.

ఆ ఊళ్లో విలియం బ్రౌన్‌రిగ్ అనే వైద్యుడు ఉండేవాడు. 1741లో ఆయన జాన్ స్పెడింగ్ కూతురు మేరీని పెళ్లి చేసుకున్నాడు. గని గ్యాస్‌ల మీద పరిశోధన చేశాడు. బారోమీటర్ పడినప్పుడు గనిలోకి గ్యాస్ ఎక్కువ వస్తుందని గమనించాడు. ఇది ఈరోజుకీ వెంటిలేషన్ ఆఫీసర్‌కు మొదటి పాఠం. గాలి ఒత్తిడి తగ్గితే గోఫ్‌లో, అంటే బొగ్గు తీసి వదిలేసిన చోట, దాక్కున్న గ్యాస్ బయటికి పొంగుతుంది. గని మేనేజర్ కుటుంబంలోనే ఒక శాస్త్రవేత్త ఉండటం వైట్‌హేవెన్‌కు దక్కిన అదృష్టం.

అయినా ప్రమాదాలు ఆగలేదు. 1737లో కార్పొరల్ బాయిలో పేలుడులో ఇరవై మందికి పైగా చనిపోయారు. కొవ్వొత్తి పెట్టలేనిచోట వెలుతురు కోసం కార్లైల్ స్టీల్ మిల్ అనే పరికరం తయారుచేశాడు. ఒక ఉక్కు చక్రాన్ని చేత్తో తిప్పుతూ, చెకుముకిరాయిని దానికి ఆనిస్తే నిప్పురవ్వలు వరసగా రాలుతాయి. ఆ రవ్వల వెలుతురులో పక్కన ఇంకొకడు బొగ్గు కొడతాడు. రవ్వలు గ్యాస్‌ను అంటించవనుకున్నారు. కొవ్వొత్తి కన్నా నయమే, కానీ భద్రమైనదేమీ కాదు. 1785లో టైన్ నది ప్రాంతంలోని వాల్‌సెండ్‌లో జరిగిన పేలుడుకు స్టీల్ మిల్లే కారణమని తేలింది. అయితే చక్రం తిప్పేవాడికి ఒక అనుభవం వచ్చేది. గ్యాస్ పెరిగేకొద్దీ రవ్వల రంగు, పరిమాణం మారతాయి. అతను రవ్వల్ని చూసి ‘చాలు, వెనక్కి పదండి’ అనేవాడు. డేవీ దీపం వచ్చింది 1815లో. అంటే అరవై డెబ్బై ఏళ్లు గనివాళ్ల ప్రాణాలు ఆ చక్రం తిప్పే మనిషి కంటిచూపు మీద ఆధారపడ్డాయి. మన గనుల్లో మైనింగ్ సర్దార్ భద్రతా దీపం జ్వాల మీద నీలి టోపీ చూసి గ్యాస్ శాతం చెప్పినట్టే ఇదీ.

ఇప్పుడు నేను ఈ కేసు దేనికోసం వాడతానో చెబుతాను. మన కంపెనీల్లో భూసేకరణ ఒక ఆఫీసు, సర్వే ఒకటి, ఫైనాన్స్ ఒకటి, మార్కెటింగ్ ఒకటి, వెంటిలేషన్ ఒకటి. మేనేజర్ దగ్గరికి ఐదు దారుల్లో ఐదు ఫైళ్లు వస్తాయి. పైన కూర్చున్నవాడికి ఐదూ కలిపి చూసే ఒక్క కాగితం అరుదుగా వస్తుంది. జాన్ స్పెడింగ్ ఉత్తరాల్లో పొలం బేరం, డబ్లిన్ రేటు, పంపు మరమ్మతు, హుండీ ఎవరి దగ్గర తీసుకున్నదీ పక్కపక్కనే ఉంటాయి. ఆ నాలుగింటికీ ఉన్న సంబంధం యజమాని కంటికి ఆనుతుంది. ఫలానా పొలం కొంటే ఫలానా బాయి నీళ్లు కాలువలోకి వదలవచ్చు, అప్పుడు పంపు ఖర్చు తగ్గుతుంది, అప్పుడు డబ్లిన్‌లో ఒక షిల్లింగ్ తగ్గించి అమ్మవచ్చు. ఇలా ఆలోచించడానికి తెలివి ఒక్కటే చాలదు, అన్నీ ఒకే చేతిరాతలో ఒకే పేజీ మీదికి రావాలి. నా మటుకు వైట్‌హేవెన్ విజయానికి ఆవిరి యంత్రం కన్నా ఇదే పెద్ద కారణం. దూరం వల్ల పెద్ద నష్టం జరగలేదు, ఎందుకంటే అన్న రాసింది తమ్ముడు కింద చూసిన విషయమే. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు, ఒకరి దగ్గర ఒకరు దాచేదేమీ లేదు.

అదే బలహీనత కూడా. మొత్తం వ్యవస్థ ముగ్గురి మీద నిలబడింది. 1750లో సర్ జేమ్స్‌కు కీళ్లవాతం ముదిరి కాలు తీసేశారు. 1755 జనవరిలో ఆయన చనిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో కార్లైల్ స్పెడింగ్ బాయిలో గ్యాస్ పేలుడులో చనిపోయాడు. పాతికేళ్లు గ్యాస్‌తో పోరాడి, దాన్ని పట్టి గొట్టంలో పెట్టినవాడు, ఆఖరికి దానికే బలయ్యాడు. 1756లో వారసుడు సర్ విలియం కూడా పోయాడు, ఎస్టేట్ చిన్న వయసులో ఉన్న మరో జేమ్స్ లోథర్‌కు వెళ్లింది. 1758లో జాన్ స్పెడింగ్ పోయాడు.

భూముల సంగతి దస్తావేజుల్లో ఉంది, డబ్బు సంగతి పద్దుల్లో ఉంది. వచ్చినవాడు ఎవరైనా చదువుకుని కొనసాగించవచ్చు. గాలి సంగతి మాత్రం కాగితం మీదికి పూర్తిగా ఎక్కదు. ఏ తలుపు ఎంత తెరవాలి, ఏ పాత పనుల్లో గాలి నిలిచిపోయింది అనేది నడిచి తెలుసుకోవాలి. వైట్‌హేవెన్‌లో అది పోకుండా నిలబడింది కార్లైల్ కొడుకు జేమ్స్ స్పెడింగ్ తండ్రి వెంట ఆ పని నేర్చుకున్నాడు కాబట్టి. అంతకుముందు గాలిని మనుషులు బొగ్గు కొట్టే ఫేసుల చుట్టూ మాత్రమే తిప్పేవాళ్లు. పాత పనుల్లో గ్యాస్ అలాగే పేరుకుని ఉండేది. స్పెడింగ్‌లు స్టాపింగులు (గాలిని అడ్డే గోడలు), తలుపులు కట్టి గాలిని పాత పనుల్లో కూడా ఒక్కో గల్లీ తిప్పి తెచ్చే పద్ధతి పెట్టారు. అది అక్కణ్ణించి న్యూకాసిల్ గనులకు కూడా పాకింది.

దానిలోనూ లోపం ఉంది. ఒకే గాలి మైళ్ల దూరం తిరిగేసరికి చివర ఉన్నవాళ్లకు అందేది గ్యాస్ నిండిన గాలి. దాన్ని ఆఖరికి గాలిని వేడిచేసి పైకి లాగడానికి షాఫ్ట్ అడుగున మండించే పొయ్యి మీదుగా తీసుకెళ్లేవాళ్లు, అదే ప్రమాదం. 1810 ప్రాంతంలో వాల్‌సెండ్‌లో జాన్ బడిల్ గాలిని పాయలుగా చీల్చి, ఒక్కో పాయను గనిలోని ఒక్కో భాగానికి పంపే పద్ధతి తెచ్చాడు. మన వెంటిలేషన్ ప్లాన్ మీద ఈరోజు కనిపించే స్ప్లిట్లు అవే. ట్రైనీలకు ఆ ప్లాన్ ఇచ్చి, ముందు స్ప్లిట్లన్నీ తీసేసి గాలిని స్పెడింగ్ దారిలో ఒకే పాయగా గీయమంటాను, చివరి ఫేస్ దగ్గర మీథేన్ శాతం ఎంతో లెక్కకట్టమంటాను. ఆ అంకె మన నియమాల హద్దు అయిన 1.25 శాతం దాటిందో లేదో చూసుకున్నాకే తర్వాతి పాఠానికి వెళ్తాం.